లార్డ్ హారిస్: ఇంగ్లండ్ కెప్టెన్, బొంబాయి గవర్నర్. మన క్రికెట్‌కు ఆయన చేసింది ఎంత?

గల్లీక్రికెట్
ఇంగ్లండ్ కెప్టెన్‌గా టెస్టులు ఆడి, ఆ తర్వాత బొంబాయి ప్రెసిడెన్సీకి గవర్నర్‌గా వచ్చినవాడు నాలుగో బారన్ హారిస్. పూర్తి పేరు జార్జ్ రాబర్ట్ కానింగ్ హారిస్. 1851లో పుట్టి 1932లో పోయాడు. పాత క్రికెట్ గురించి ఎవరు రాసినా "భారత క్రికెట్‌కు పునాది వేసిన దొర" అన్న ధోరణిలోనే రాస్తుంటారు. ఈ మాట నాకు మింగుడు పడదు.

ఆయన బొంబాయిలో పదవి చేపట్టింది 1890 ఏప్రిల్‌లో. ఆ ఏడాది జనవరిలోనే, అంటే ఆయన ఇంకా రాకముందే, పార్సీ జట్టు జి.ఎఫ్. వెర్నన్ తీసుకొచ్చిన ఇంగ్లిష్ జట్టును బొంబాయిలో నాలుగు వికెట్ల తేడాతో ఓడించింది. పార్సీలు ఓరియంటల్ క్లబ్ పెట్టుకున్నది 1848లో. అప్పటికి హారిస్ పుట్టనే లేదు. 1886లో, మళ్లీ 1888లో పార్సీ జట్లు ఇంగ్లండ్ వెళ్లి ఆడి వచ్చాయి. ఇన్ని జరిగాక వచ్చిన మనిషి వేసిన పునాది ఏమిటి?

ఆయన గురించి బాగా చదివినవాళ్లు ఇక్కడ ఉన్నారని తెలుసు. ఆటగాడిగా, పాలకుడిగా రెండు వైపులా రాయండి.

పాతపేజీలు
మంచి చర్చ. ఆయన ఇంటి సంగతి తెలిస్తే మనిషి ఇంకా బాగా అర్థమవుతాడు.

హారిస్ ముత్తాత జనరల్ జార్జ్ హారిస్. 1799లో శ్రీరంగపట్నం కోటను పట్టుకుని టిప్పు సుల్తాన్ కథ ముగించిన సేనకు అధిపతి ఆయనే. ఆ దండయాత్రలో హైదరాబాద్ నిజాం బలగాలు కూడా ఆయనతో నడిచాయి. ఆ విజయం పేరు మీదే 1815లో "శ్రీరంగపట్నం, మైసూరు బారన్" అన్న బిరుదు వచ్చింది. ఇంగ్లండ్‌లో కెంట్ జిల్లాలో బెల్మాంట్ అనే భవనంలో కాపురం, బిరుదులో మాత్రం మన కావేరి ఒడ్డు ఊరు.

తండ్రి మూడో బారన్. ముందు ట్రినిడాడ్ గవర్నర్. మన క్రికెటర్ పుట్టింది అక్కడే. తర్వాత 1854 నుంచి 1859 దాకా ఆ తండ్రే మద్రాసు గవర్నర్. కోస్తా, సీమ జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు కిందివే కదా. బెజవాడ దగ్గర కృష్ణ మీద పాత ఆనకట్ట పూర్తయింది 1855లో, ఆయన హయాంలోనే. 1856 జులైలో రాయపురం నుంచి ఆర్కాట్ వైపు మొదటి రైలు కదిలింది, 1857లో మద్రాసు యూనివర్సిటీ వచ్చింది. ఆ రెండూ కూడా ఆయన కాలంలోవే.

అంటే ఈ కుర్రాడు ఈటన్ స్కూల్లో బ్యాట్ పట్టుకునే నాటికే పరాయి దేశాన్ని ఏలడం ఇంటి వృత్తి లాంటిది. 1872లో తండ్రి పోయాక ఇరవయ్యొకటో ఏట బిరుదు ఈయనకు వచ్చింది.

నాటౌట్
ఆటగాడిగా తక్కువ చేయలేం. కెంట్ కౌంటీకి 1875 నుంచి 1889 వరకు కెప్టెన్. టెస్టులు ఆడింది నాలుగే, నాలుగింటికీ కెప్టెనే. మొత్తం 145 పరుగులు, సగటు 29. ఆ రోజుల పిచ్‌ల మీద అది చిన్న సగటేమీ కాదు.

మొదటిది 1879 జనవరి, మెల్‌బోర్న్. ఆస్ట్రేలియా బౌలర్ స్పోఫర్త్ టెస్టు క్రికెట్‌లో తొలి హ్యాట్రిక్ తీసి, మొత్తం 13 వికెట్లు పడగొట్టాడు. ఇంగ్లండ్ పది వికెట్ల తేడాతో ఓడిపోయింది. రెండోది 1880 సెప్టెంబర్‌లో లండన్‌లోని ఓవల్ మైదానంలో. ఇంగ్లండ్ గడ్డ మీద జరిగిన మొట్టమొదటి టెస్టు అదే. డబ్ల్యు.జి. గ్రేస్ 152 కొట్టాడు, ఆస్ట్రేలియా కెప్టెన్ మర్డాక్ 153 నాటౌట్. హారిస్ 52. గ్రేస్ అన్నదమ్ములు ముగ్గురూ ఆ మ్యాచ్ ఆడారు. చిన్నవాడు ఫ్రెడ్ రెండు వారాలకే చనిపోయాడు.

1884లో ఓవల్ టెస్టు అయితే ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆస్ట్రేలియా వికెట్లు పడకపోయేసరికి హారిస్ పదకొండు మందితోనూ బౌలింగ్ చేయించాడు. చివరికి వికెట్ కీపర్ లిటిల్టన్ చేతికి బంతి ఇస్తే, కింద నుంచి విసిరే లాబ్ బౌలింగ్‌తో 19 పరుగులకు 4 వికెట్లు తీశాడు. కెప్టెన్సీ అంటే ఆయనకు తెలుసు.

డీప్‌మిడ్‌వికెట్
నాటౌట్ గారూ, ఆ 1879 పర్యటనలో అసలు ఘట్టం మీరు వదిలేశారు. గవర్నర్ హారిస్‌ను అర్థం చేసుకోవాలంటే సిడ్నీ నుంచి మొదలుపెట్టాలని నా నమ్మకం.

1879 ఫిబ్రవరి 8, శనివారం. న్యూ సౌత్ వేల్స్‌తో మ్యాచ్. ఇంగ్లిష్ జట్టు తనతో మెల్‌బోర్న్ నుంచి కోల్ట్‌హార్డ్ అనే అంపైర్‌ను తెచ్చుకుంది. మెల్‌బోర్న్‌కూ సిడ్నీకీ అసలే పడదు. తొలి ఇన్నింగ్స్‌లో చివరి దాకా నిలబడి 82 కొట్టిన మర్డాక్, ఫాలో ఆన్‌లో 10 పరుగుల దగ్గర రనౌట్ అని ఈ అంపైర్ వేలెత్తాడు. జనం భగ్గుమన్నారు. పందేలు కాసినవాళ్లు కూడా అందులో ఉన్నారని ఇంగ్లిష్ వాళ్ల ఆరోపణ. దాదాపు రెండు వేల మంది మైదానంలోకి దూసుకొచ్చారు. ఎవడో కర్రతో హారిస్‌ను కొట్టాడు. హార్న్‌బీ అనే ఆటగాడు వాడిని పట్టుకుని, చొక్కా చిరుగుతున్నా వదలకుండా పెవిలియన్ దాకా లాక్కెళ్లాడు.

స్థానిక కెప్టెన్ గ్రెగరీ అంపైర్‌ను మార్చమన్నాడు. హారిస్ ఒప్పుకోలేదు. జనం మళ్లీ మళ్లీ లోపలికి వస్తున్నా మైదానం వదిలి రాలేదు. వదిలితే మ్యాచ్ పోయినట్టు లెక్కవుతుందని ఆయన ఆలోచన. సోమవారం ఆట కొనసాగి ఇంగ్లిష్ జట్టు ఇన్నింగ్స్ తేడాతో గెలిచింది. ఆ రోజు రెండో అంపైర్‌గా ఉన్న ఎడ్మండ్ బార్టన్ తర్వాత ఆస్ట్రేలియా తొలి ప్రధాని అయ్యాడు.

జరగాల్సిన రెండో టెస్టు రద్దు. హారిస్ ఆ గొడవంతా ఉత్తరంగా రాసి ఇంగ్లండ్ పంపితే పత్రికలో అచ్చయింది. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండ్ వస్తే మంచి కౌంటీలు వాళ్లతో ఆడటానికే ముందుకు రాలేదు. ఓవల్ మైదానం ఉన్న సర్రే క్లబ్ కార్యదర్శి ఆల్కాక్ నచ్చజెప్పి హారిస్‌ను ఒప్పించాకే ఆ ఓవల్ టెస్టు జరిగింది.

నిబంధన తన వైపు ఉందనుకుంటే కొండలా నిలబడతాడు. ఎదుటివాళ్లకు కోపం ఎందుకొచ్చిందని మాత్రం ఆలోచించడు. బొంబాయిలోనూ ఇదే గుణం కనిపిస్తుంది.

కెనాల్‌గట్టు
అన్నా, అంత తొందరగా తీర్పు చెప్పేస్తే ఎలా? క్రికెట్ ఆడాడు కాబట్టి గవర్నర్‌ను చేయలేదు ఆయన్ని. 1885లో లండన్‌లో ఇండియా వ్యవహారాల ఉపమంత్రి, తర్వాత 1890 దాకా యుద్ధ శాఖ ఉపమంత్రి. అనుభవం ఉన్న మనిషే.

బొంబాయిలో ఆయన చేసిన మేలు కూడా చూడాలి. పార్సీలకూ యూరోపియన్లకూ మధ్య ఏటా మ్యాచ్ జరిగే ఏర్పాటు 1892లో మొదలైంది, దానికి గవర్నర్ అండ ఉంది. సముద్రపు ఒడ్డున కెన్నెడీ సీ ఫేస్ (ఇప్పటి మెరైన్ డ్రైవ్) మీద ముస్లింల జింఖానాకు, అంటే క్రీడల క్లబ్‌కు, 1892లో, హిందువుల జింఖానాకు 1894లో స్థలాలు వచ్చింది ఆయన కాలంలోనే. అప్పటిదాకా మనవాళ్లకు సొంత మైదానం ఎక్కడుంది? ఇంకో గవర్నరైతే ఆ దరఖాస్తులు బుట్టదాఖలయ్యేవి. ఆట మీద ప్రేమ ఉండబట్టే ఆ స్థలాలు దక్కాయి. ఆ ప్రేమ అబద్ధమని ఎవరూ అనలేరు.

ముంబైమకాం
కెనాల్‌గట్టు గారూ, ఆ స్థలాల కథ నేను కాస్త వివరంగా చదివాను. మెరైన్ డ్రైవ్ మీద వెళ్తుంటే పార్సీ, ఇస్లాం, హిందూ జింఖానాలు వరసగా పక్కపక్కనే ఇప్పటికీ కనిపిస్తాయి. పార్సీలకు స్థలం హారిస్ రాకముందే, 1880ల్లోనే ఖరారైంది. అది చూసి మిగతావాళ్లు కూడా అడిగారు.

హిందువుల దరఖాస్తు వచ్చినప్పుడు హారిస్ ఫైలు మీద రాసిన మాటల సారాంశం ఇది: వీళ్లను కాదనడానికి నాకు దారి కనిపించడం లేదు. కానీ ఒక్కో జాతికి ఒక్కో జింఖానా ఏర్పడ్డాక ఇంకెవరికీ స్థలం ఇచ్చేది లేదు, మీ జాతికి స్థలం ఇచ్చేశాం, వెళ్లి అందులో చేరండి అని చెబుతాను.

ఇందులో ప్రేమ ఎక్కడుందో చెప్పండి. తప్పక ఇచ్చాడు. ఇస్తూ ఒక గీత కూడా గీశాడు. నువ్వు ఆడాలంటే హిందువుగానో ముస్లింగానో పార్సీగానో ఆడాలి. ఉండే పేటను బట్టి, చదివిన కాలేజీని బట్టి, ఇష్టమైన స్నేహితులను బట్టి క్లబ్ కట్టుకుంటానంటే సర్కారు స్థలం ఇవ్వదు. మతాల వారీ టోర్నమెంట్ ఆ గీత మీదే పెరిగింది. ఆ పార్సీ, యూరోపియన్ మ్యాచ్‌లలో 1907లో హిందువులు చేరి మూడు జట్లు, 1912లో ముస్లింలు చేరి నాలుగు, 1937 నాటికి ఐదు. గాంధీ గారు 1940లో ఈ మతాల క్రికెట్ వద్దని బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. 1946లో గానీ అది ఆగలేదు.

మతాల వారీ క్లబ్బులు అంతకు ముందే ఉన్నాయి, ఆ భేదాన్ని హారిస్ పుట్టించలేదు. కానీ సర్కారు భూమి మీద రాతి కట్టడంగా నిలబెట్టిన సంతకం ఆయనది.

గల్లీక్రికెట్
ముంబైమకాం గారూ, పోలో గొడవ కూడా రాయండి. చాలామందికి తెలియదు.

ముంబైమకాం
రాయాల్సిందే. ఇప్పటి ఆజాద్ మైదాన్ వైపు ఉన్న ఎస్ప్లనేడ్ మీద బొంబాయి జింఖానా 1875లో వచ్చింది, యూరోపియన్లకు మాత్రమే ప్రవేశం. మంచి భాగం వాళ్ల కింద ఉంది. అది చాలక జింఖానా దొరలు పరేడ్ గ్రౌండ్ మీద గుర్రాలతో పోలో ఆడేవారు. ఒక్క సాయంత్రం పోలో ఆడితే చాలు, నేల గుంటలు పడేది. ఆ గుంటల మీదే మన కుర్రాళ్లు వందల మంది క్రికెట్ ఆడాలి. బంతి ఎటు లేస్తుందో తెలియదు, మూతి పగలొచ్చు.

1881లో వందల మంది దేశీయ ఆటగాళ్లు సంతకాలు పెట్టి సర్కారుకు అర్జీ ఇచ్చారు. ఈ పోరాటంలో ముందు నిలిచినవాడు షాపూర్‌జీ సొరాబ్‌జీ. ఒకసారి పోలోను పక్కకు జరిపి, తర్వాత మళ్లీ తెచ్చిపెట్టారు. ఏళ్ల తరబడి సాగిన ఆ ఉత్తరాల యుద్ధాన్నంతా సొరాబ్‌జీ 1897లో పుస్తకంగా రాశాడు. భారతీయుడు రాసిన తొలినాటి క్రికెట్ చరిత్రల్లో అది ఒకటి.

మన క్రికెట్‌కు పునాది అంటే నాకు ఆ అర్జీ గుర్తొస్తుంది. సంతకాలు పెట్టినవాళ్లకు బిరుదుల్లేవు, అందుకే ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

పాతపేజీలు
1893 సంగతి ఎవరైనా ఎత్తుతారని చూస్తున్నాను. పాలకుడిగా ఆయన మీద పెద్ద మచ్చ అదే.

ఆ ఏడాది ఆగస్టు 11, శుక్రవారం మధ్యాహ్నం నమాజు తర్వాత బొంబాయిలో హిందూ ముస్లిం అల్లర్లు మొదలయ్యాయి. కాఠియావాడ్‌లోని ప్రభాస్ పాటణ్‌లో అంతకు ముందు జరిగిన గొడవల సెగ అది. సైన్యం దిగింది. డెబ్బై మందికి పైగా చనిపోయారు. వానాకాలంలో గవర్నర్ మకాం పూనాలో, గణేశ్‌ఖిండ్ భవనంలో. ఆయన బొంబాయి వచ్చింది తొమ్మిదో రోజున. అది కూడా ముఖ్యంగా అక్కడ జరిగే ఒక క్రికెట్ మ్యాచ్ కోసమే వచ్చాడని చరిత్రకారులు రాశారు.

ఆనాటి బొంబాయిలో బరువులు మోసి, ఇళ్లు కట్టి బతికిన కామాఠీలు మన తెలంగాణ వైపు నుంచి వలస వెళ్లినవాళ్లే, కామాఠీపురా పేరు వాళ్లదే. ఊరు తగలబడుతుంటే తొమ్మిది రోజుల పాటు దొర రాకపోవడం ఆ పేటల్లో ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. నాకు ఆ మనిషి మీద ఉన్న కాస్త గౌరవం కూడా ఈ దగ్గర పోతుంది.

1895లో ఆయన వెళ్లిపోయేటప్పుడు దేశీయ పత్రికలు నిర్మొహమాటంగా ఏకిపారేశాయి. రాజ్యం కంటే క్రికెట్ ఎక్కువ చూసుకున్నాడన్నది వాళ్ల ప్రధాన ఆరోపణ.

కెనాల్‌గట్టు
1893 విషయంలో నేను ఆయన్ని సమర్థించను. సమర్థించేందుకు ఏమీ లేదు.

లెగ్‌బ్రేక్
ఆ పూనాలోనే అదే కాలంలో ఇంకో కథ నడుస్తోంది. 1892 ప్రాంతంలో పూనా క్లబ్ మైదానంలో నెలకు నాలుగు రూపాయల జీతానికి ఒక దళిత కుర్రాడు పనికి చేరాడు. పిచ్ దొర్లించాలి, నెట్లు కట్టాలి, దొరలకు ప్రాక్టీస్ కోసం బంతులు వెయ్యాలి. పేరు పాల్వంకర్ బాలూ. గ్రెగ్ అనే ఇంగ్లిష్ బ్యాట్స్‌మన్‌కు గంటల కొద్దీ బౌలింగ్ వేసి వేసి దేశంలోనే గొప్ప ఎడమచేతి స్పిన్నర్ అయ్యాడు. దొరలెవరూ అతనికి బ్యాట్ మాత్రం ఇచ్చేవారు కాదు. పూనా హిందువులు అతన్ని జట్టులోకి తీసుకున్నాక టీ విరామంలో పెవిలియన్ బయట విడిగా మట్టి గ్లాసులో టీ పోశారు. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన తొలి అఖిల భారత జట్టు తరఫున వంద వికెట్లకు పైగా తీశాడు.

గవర్నర్ గారి భవనం పూనాలోనే. క్రికెట్ ప్రేమికుడైన ఆయన కళ్ల ముందే ఇంత ప్రతిభ పెరిగింది. భారతీయులకు ఓపిక తక్కువ, ఆ విషయంలో ఇంగ్లిష్ వాళ్లకు ఎన్నటికీ సాటి రారు అని తర్వాత ఆయన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. బాలూ ఓపిక ఎంతటిదో ఆయన చూసి ఉంటే!

నాటౌట్
రంజీ సంగతి కూడా చేర్చండి. 1896లో ఆస్ట్రేలియా ఇంగ్లండ్ వచ్చినప్పుడు ఏ మైదానంలో టెస్టు జరిగితే ఆ మైదానం వాళ్లే జట్టును ఎంపిక చేసేవారు. లార్డ్స్ మైదానం ఎం.సి.సి.ది, అప్పట్లో క్రికెట్ మీద పెత్తనమంతా ఆ క్లబ్‌దే. ఇంగ్లండ్‌లో ఆడుతున్న మన రంజిత్‌సిన్హ్‌జీని వాళ్లు తీసుకోలేదు. అప్పటికే రంజీ కౌంటీల్లో పరుగుల వరద పారిస్తున్నాడు. వలస పక్షుల్లాంటి వాళ్లను ఇంగ్లండ్‌కు ఆడించకూడదన్నది హారిస్ వాదన. తర్వాత మాంచెస్టర్‌లో లాంకషైర్ వాళ్లు ఎంపిక చేస్తే 62, 154 నాటౌట్ కొట్టాడు.

హారిస్ స్వయంగా పుట్టింది ట్రినిడాడ్‌లో. ఆ లెక్క ఆయనకు మాత్రం వర్తించలేదు. దీన్ని నేను ఏ రకంగానూ క్షమించలేను.

డీప్‌మిడ్‌వికెట్
ఒక్క చిన్న మాట చేర్చాలి. నిబంధనల పిచ్చి ఆయన తెల్లవాళ్ల మీద కూడా చూపించాడు. 1885లో లాంకషైర్ బౌలర్లు క్రాస్‌లాండ్, నాష్ చెయ్యి వంచి బంతి విసురుతున్నారని పట్టుబట్టి, కెంట్ వాళ్లతో మ్యాచ్‌లే రద్దు చేయించాడు. 1922లో వాలీ హామండ్ లాంటి కుర్రాడు గ్లోస్టర్‌షైర్‌కు ఆడుతుంటే, నువ్వు పుట్టింది కెంట్‌లోని డోవర్‌లో, అర్హత లేదు అని అడ్డం పడ్డాడు. పాపం హామండ్ కెరీర్ మొదట్లోనే ఆ దెబ్బ తిన్నాడు. బౌలర్ల విషయంలో హారిస్‌దే న్యాయం, ఆటకు మేలు జరిగింది. హామండ్ విషయంలో మొండితనం తప్ప మరేం లేదు.

కాబట్టి రంజీ విషయంలో రంగు ఒక్కటే కారణమని తేల్చడానికి నేను సిద్ధంగా లేను. రంగు లేదని అనడానికీ సిద్ధంగా లేను.

కెనాల్‌గట్టు
ఇప్పుడు నా వైపు మాట వినండి. బొంబాయి తర్వాత ఆయన బోయర్ యుద్ధానికి వెళ్లొచ్చాడు, దక్షిణాఫ్రికా బంగారు గనుల కంపెనీకి ఏళ్ల తరబడి ఛైర్మన్‌గా చేశాడు. అవి పక్కన పెడదాం. 1895లో ఎం.సి.సి. అధ్యక్షుడు, 1916 నుంచి చనిపోయేదాకా కోశాధికారి. లార్డ్స్‌లో ఆయన మాట దాటేవాళ్లు లేరు.

1926లో టెస్టులు ఆడే దేశాల సంఘమైన ఇంపీరియల్ క్రికెట్ కాన్ఫరెన్స్‌లోకి కొత్త దేశాలను తీసుకోవాలా అన్న సమావేశానికి అధ్యక్షత వహించింది ఈయనే. అప్పటిదాకా ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా మాత్రమే సభ్యులు. ఆ ఏడాదే ఇండియా, వెస్టిండీస్, న్యూజిలాండ్‌లకు తలుపు తెరిచారు. డెబ్బై అయిదేళ్ల ముసలాయన అడ్డం పడదలుచుకుంటే పడేవాడు. పడలేదు. ఇది లెక్కలోకి రాదా?

లెగ్‌బ్రేక్
వస్తుంది. కానీ ఆ తలుపును బయటి నుంచి తోసినవాళ్లను కూడా చెప్పాలి. అదే 1926 డిసెంబర్‌లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో వచ్చిన ఎం.సి.సి. జట్టు మీద బొంబాయి జింఖానా మైదానంలో హిందువుల తరఫున సి.కె. నాయుడు 153 పరుగులు కొట్టాడు, అందులో 11 సిక్సర్లు. భారతీయులను సభ్యులుగా చేర్చుకోని ఆ క్లబ్ గడ్డ మీదే! ఇండియాకు టెస్టు ఆడే సత్తా ఉందని గిల్లిగన్ నమ్మి, ఇక్కడివాళ్లను సొంత బోర్డు పెట్టుకోమని ప్రోత్సహించాడు. 1928లో బోర్డు ఏర్పడింది.

నాయుడుది నాగపూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబం, కొట్టారి వారు. 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టుకు ఆయనే కెప్టెన్. తొలి ఇన్నింగ్స్‌లో మన వైపు అందరికంటే ఎక్కువగా 40 కొట్టాడు. 158 పరుగుల తేడాతో ఓడాం గానీ, మన ఫాస్ట్ బౌలర్ నిస్సార్ ఇద్దరిని బౌల్డ్ చేసి, ఇంకొకరు రనౌట్ కావడంతో ఇంగ్లండ్ 19 పరుగులకే మూడు వికెట్లు పోగొట్టుకుని గజగజలాడింది. హారిస్ మార్చి 24న చనిపోయాడు. ఆ మ్యాచ్ చూడలేదు.

గల్లీక్రికెట్
అందరికీ ధన్యవాదాలు. ఆటగాడిగా, లార్డ్స్ పెద్దగా ఆయన స్థానం ఆయనదే. బొంబాయి గవర్నర్‌గా ఇచ్చిన స్థలాలు మాత్రం దానంగా ఇచ్చినవి కావు, అడిగి అడిగి సాధించుకున్నవి. నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది.

ముంబైమకాం గారూ, హారిస్ షీల్డ్ అనే స్కూళ్ల టోర్నమెంట్ ఇంకా జరుగుతోందా? పేరు మార్చాలన్న డిమాండ్ ఏమైనా ఉందా?

ముంబైమకాం
జరుగుతోంది. 1890ల చివర్లో మొదలైంది, ఇప్పటికీ ముంబై కుర్రాళ్లకు అదే తొలి మెట్టు. 1988లో సచిన్, కాంబ్లీ కలిసి 664 పరుగులు చేసింది హారిస్ షీల్డ్ సెమీఫైనల్లోనే, ఆజాద్ మైదాన్‌లో. సచిన్ 326, కాంబ్లీ 349, ఇద్దరూ నాటౌట్. పోలో ఆడే దొరలతో అప్పట్లో గొడవ పడ్డది ఆ మైదానాల కోసమే.

పేరు మార్చాలని నేను అడగను. షీల్డ్ మీద హారిస్ పేరు ఉండనివ్వండి. ఆ మైదానంలో ఒక మూల షాపూర్‌జీ సొరాబ్‌జీ పేరు, 1881 అర్జీ సంగతి తెలిపే పలక ఒకటి పెట్టాలని మాత్రం కోరుకుంటాను. అక్కడ ప్యాడ్లు కట్టుకునే పిల్లలు దాన్ని చదవాలి.

కెనాల్‌గట్టు
దానికి నేనూ సంతకం పెడతాను.